ఇంటి వర్క్‌షాపుకు ప్లాస్మా కట్టర్: తక్కువ ఖర్చులో ఏది కొనాలి, ఎవరు కొనకపోయినా నష్టం లేదు

హైదరాబాద్ రాణిగంజ్‌లోని మెషినరీ దుకాణాల్లో ప్లాస్మా కట్టర్ కావాలని అడిగితే, ఎన్ని ఆంపియర్లది కావాలి, ఎంత మందం కోయాలి అన్న ప్రశ్నలే ముందుగా ఎదురవుతాయి. ఫ్యాక్టరీకి కొనేవారి విషయంలో ఆ వరుస సరైనదే, ఎందుకంటే వారి దగ్గర త్రీ ఫేజ్ కరెంటూ పెద్ద కంప్రెసరూ అప్పటికే ఉంటాయి. సెలవు రోజుల్లో ఇంటి వెనక షెడ్డులో ఇనుప పని చేసుకునే వ్యక్తి మాత్రం ఆ రెండు ప్రశ్నలనూ చివరికి వాయిదా వేయడం మంచిది. ఇంటి మీటరు ఎంత కరెంటు ఇవ్వగలదు, కంప్రెసర్ ఎంత పొడి గాలి ఇవ్వగలదు, కోయడానికి చేత్తో పట్టుకునే టార్చిలో పైలట్ ఆర్క్, అంటే కోతకు ముందే వెలిగే చిన్న విద్యుత్ జ్వాల, ఉందా లేదా అన్నవి తేలితే, ఆంపియర్ల సంఖ్య దానంతట అదే తేలిపోతుంది.

ఈ యంత్రం పని తీరు స్థూలంగా ఇది. టార్చిలోని ఎలక్ట్రోడ్‌కూ కోయవలసిన లోహానికీ మధ్య పుట్టిన ఆర్క్‌ను సన్నని నాజిల్ గుండా గాలితో నెట్టినప్పుడు, ఆ గాలి 20 వేల డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడితో ప్లాస్మాగా మారి లోహాన్ని కరిగిస్తుంది. అదే గాలి వేగం కరిగిన లోహాన్ని కిందికి ఊదేస్తుంది. గ్యాస్ కటింగ్‌లో ఇనుము ఆక్సిజన్‌లో మండడం వల్ల కోత పడుతుంది కనుక అది స్టెయిన్‌లెస్ స్టీలుకూ అల్యూమినియానికీ పనికిరాదు. ప్లాస్మాకు ఆ పరిమితి లేదు, కరెంటు పారే లోహమైతే చాలు.

అసలు అవసరమా?

స్క్వేర్ పైపులు, యాంగ్లర్లు, పట్టీలు తిన్నగా కోసి స్టాండ్లు, బెంచీలు, గ్రిల్లులు చేసుకునేవారికి ప్లాస్మా కట్టర్ అవసరం లేదని నిర్మొహమాటంగా చెప్పవచ్చు. నాలుగు అంగుళాల గ్రైండరు, ఒక మిల్లీమీటరు మందపు కటింగ్ వీల్స్ కలిపి సుమారు మూడు వేల రూపాయల్లో వస్తాయి. తిన్నని కోతలో అవి చేతి ప్లాస్మా కంటే శుభ్రమైన అంచునే ఇస్తాయి. ప్లాస్మా విలువ వంపుల దగ్గర తెలుస్తుంది. రెండు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల రేకులో గుండ్రని రంధ్రాలు, అక్షరాలు, బ్రాకెట్లు కోయవలసి వచ్చినప్పుడు, పాత బండి ఛాసిస్ ముక్కలు విడదీయవలసి వచ్చినప్పుడు గ్రైండరుతో అరగంట పట్టే పని నిమిషాల్లో ముగుస్తుంది.

పన్నెండు మిల్లీమీటర్లు దాటిన మైల్డ్ స్టీలు ప్లేట్లను కోయడానికి గ్యాస్ కటింగే ఇప్పటికీ చవకైన దారి. అయితే నివాస గృహాల మధ్య ఆక్సిజన్ సిలిండరు నిల్వ ఉంచడం వివేకం అనిపించుకోదు, వంటింటి ఎల్పీజీ సిలిండరును ఇటువంటి పనులకు వాడడం నిబంధనలకు విరుద్ధం. ఎప్పుడో ఒకసారి మందపాటి ప్లేటు కోయించుకోవలసి వస్తే బాలానగర్‌లోనో కాటేదాన్‌లోనో ఒక ఫ్యాబ్రికేషన్ షాపుకు తీసుకెళ్లి పని జరిపించుకోవడమే మేలు.

ప్లాస్మాకు గట్టి పోటీ లేజర్ జాబ్‌వర్క్ (డబ్బిచ్చి బయటి షాపులో కోయించుకోవడం) నుంచి వస్తుంది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామిక వాడల్లో ఫైబర్ లేజర్ ఉన్న షాపులకు డీఎక్స్ఎఫ్ ఫైలు (కంప్యూటరులో గీసిన డ్రాయింగు) పంపితే వచ్చే ముక్క అంచు, కొలత, పునరావృతం అన్నీ ఏ చేతి ప్లాస్మాకూ అందనంత బాగుంటాయి. రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి ప్రోటోటైపింగ్ (నమూనాల తయారీ) కేంద్రం కూడా ఈ నగరంలో ఉంది. ఏడాదికి నాలుగైదు ముక్కలు మాత్రమే కావలసినవారు, ముందుగా కంప్యూటరులో గీసుకుని పని చేసేవారు యంత్రం కొనే డబ్బును జాబ్‌వర్క్‌కు పెట్టుకుంటే చాలా ఏళ్లు గడుస్తాయి. దీనికి భిన్నంగా, రేకు మీద సుద్దముక్కతో గీసుకుంటూ, చెరిపి మళ్లీ గీస్తూ ఆకారం నిర్ణయించుకునేవారికీ, ఇప్పటికే వెల్డు చేసిన వస్తువు మీద కోత పెట్టవలసినవారికీ లేజర్ షాపు పనికిరాదు. ప్లాస్మా కట్టర్ ఈ రెండో కోవ వారి పనిముట్టు.

మీటరు, వైరింగు

మార్కెట్లో ‘కట్ 40’ అన్న పేరుతో దొరికే 40 ఆంపియర్ల ఇన్వర్టర్ (ఎలక్ట్రానిక్ బోర్డుతో కరెంటును మార్చే) యంత్రాలు 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద నడుస్తాయి కాబట్టి ఇంట్లో తగిలిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క చూద్దాం. ప్లాస్మా కటింగ్ యంత్రాలను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 40 ఆంపియర్ల దగ్గర ఆర్క్ వోల్టేజి 96 వోల్టులుగా తీసుకుంటారు, అంటే టార్చి దగ్గర దాదాపు 3.8 కిలోవాట్లు. యంత్రంలో పోయే నష్టాన్నీ, చవక ఇన్వర్టర్లలో తక్కువగా ఉండే పవర్ ఫ్యాక్టరునూ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికి వచ్చే వాటా) కలుపుకుంటే మెయిన్స్ నుంచి తీసుకునే కరెంటు 28 ఆంపియర్ల దాకా చేరుతుంది. మన ఇళ్లలోని పవర్ ప్లగ్గు 16 ఆంపియర్లది. అదే యంత్రాన్ని 20 ఆంపియర్లకు తగ్గించి నడిపితే తీసుకునే కరెంటు సుమారు 13 ఆంపియర్లే కాబట్టి పవర్ ప్లగ్గు తట్టుకుంటుంది, కానీ అప్పుడు శుభ్రంగా తెగే మందం మూడు మిల్లీమీటర్ల ప్రాంతంలోనే ఆగుతుంది.

అందువల్ల పూర్తి సామర్థ్యం కావాలంటే మీటరు బోర్డు నుంచి నేరుగా 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించి, 32 ఆంపియర్ల సి-టైప్ ఎంసీబీ, అదే సామర్థ్యం గల ఇండస్ట్రియల్ సాకెట్, నమ్మదగిన ఎర్తింగు పెట్టించుకోవాలి. కంప్రెసర్‌ను అదే లైనుమీద వేయకూడదు. రెండు హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు పది ఆంపియర్ల దాకా తీసుకున్నా, స్టార్టయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. విద్యుత్ సంస్థ టీజీఎస్పీడీసీఎల్ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎన్ని కిలోవాట్లని ఉందో చూసి, ఈ రెండు యంత్రాలూ కలిసి ఆరు కిలోవాట్లు దాటవచ్చన్న లెక్కతో లోడ్ పెంచుకోవడానికి దరఖాస్తు చేసుకోవడం మర్యాదైన పద్ధతి. అద్దె ఇంట్లో ఉండేవారు ఇక్కడే ఆగి ఆలోచించాలి. అపార్టుమెంటు సెల్లార్‌లో అయితే ఈ ఆలోచననే మానుకోవాలి, ఎందుకంటే నిప్పురవ్వలు పది మీటర్ల దాకా ఎగిరిపడతాయి, అక్కడ నిలిపి ఉండేవి పెట్రోలు బండ్లు.

డ్యూటీ సైకిల్ గురించి దుకాణదారులు గొప్పగా చెప్పినా, హాబీ పనికి అది రెండో స్థాయి విషయం. 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు నిరాటంకంగా కోయవచ్చని అర్థం. ఇంట్లో ఎవరూ అంతసేపు వరుసగా కోయరు. ఆ అంకెను 40 డిగ్రీల వాతావరణంలో లెక్కిస్తారు కాబట్టి, మే నెలలో రేకుల షెడ్డు కింద అది కొంత తగ్గుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. ఇన్వర్టరుకు అంతకంటే పెద్ద శత్రువు పక్కనే నడిచే గ్రైండరు. దాని నుంచి లేచే ఇనుప ధూళిని యంత్రం ఫ్యాను లోపలికి పీల్చుకుని సర్క్యూట్ బోర్డు మీద పేరుస్తుంది.

గాలి

చవకగా కొన్న ప్లాస్మా కట్టర్లలో సరిగ్గా కోయడం లేదన్న ఫిర్యాదులకు యంత్రం కంటే గాలే ఎక్కువసార్లు కారణం. 40 ఆంపియర్ల టార్చికి నాలుగున్నర నుంచి ఐదు బార్ల ఒత్తిడి దగ్గర నిమిషానికి సుమారు 120 లీటర్ల గాలి కావాలి. కంప్రెసర్ పెట్టె మీద రాసే లీటర్ల అంకె సాధారణంగా పిస్టన్ ఎంత ఘనపరిమాణాన్ని కదిలిస్తుందో చెప్పే అంకె. ఒత్తిడితో నిజంగా బయటికి వచ్చే గాలి అందులో మూడింట రెండు వంతులో, అంతకంటే తక్కువో ఉంటుంది. కాబట్టి కొనేటప్పుడు ‘ఎఫ్ఏడీ (నిజంగా బయటికి వచ్చే గాలి) ఎంత’ అని అడగాలి, జవాబు రాకపోతే రాసిన అంకెలో అరవై శాతమే ఉందనుకుని లెక్క వేసుకోవాలి.

హాబీ పనిలో ట్యాంకు కొంత ఆదుకుంటుంది. 50 లీటర్ల ట్యాంకు ఎనిమిది బార్ల నుంచి ఐదు బార్లకు దిగేలోపు 150 లీటర్ల గాలిని వదులుతుంది. కంప్రెసర్ నిమిషానికి 80 లీటర్లు మాత్రమే ఇస్తున్నా, టార్చి 120 లీటర్లు తాగుతున్నా, లోటు 40 లీటర్లే కనుక మూడున్నర నిమిషాలకు పైగా ఆగకుండా కోయవచ్చు. రేకు మీద ఒక్కో కోత నిమిషం లోపే ముగుస్తుంది. ఈ లెక్క ప్రకారం రెండు హెచ్‌పీ, 50 లీటర్ల కంప్రెసర్ ఇంటి పనికి సరిపోతుంది. టైరు గాలికోసం కొన్న చిన్న కంప్రెసర్ సరిపోదు.

తేమ విషయంలో మాత్రం రాజీ పడకూడదు. ఆగస్టు నెలలో ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉన్న రోజున ఒక ఘనమీటరు గాలిలో సుమారు 22 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. టార్చి మొత్తం ఒక గంట వెలిగితే ఏడు ఘనమీటర్లకు పైగా గాలి ఖర్చవుతుంది, అంటే కంప్రెసర్ లోపలికి 150 మిల్లీలీటర్లకు పైగా నీరు వచ్చినట్టు. దానిలో ఎక్కువ భాగం ట్యాంకు అడుగున చేరుతుంది, మిగిలింది టార్చికి వెళ్లి ఎలక్ట్రోడ్‌ను తినేస్తుంది, ఆర్క్ పక్కకు పోతుంది, కోత వంకరవుతుంది. రాగి ఎలక్ట్రోడ్ కొసన ఉండే చిన్న హాఫ్నియం బిందువు కరిగి గుంటపడినప్పుడు దాని పని అయిపోయినట్టే. తడి గాలిలో ఆ గుంట చాలా త్వరగా లోతవుతుంది.

దీనికి ఖరీదైన రిఫ్రిజిరేటెడ్ డ్రైయరు ఇంట్లో అవసరం లేదు. వేడి గాలిలోని నీటిని ఫిల్టరు పట్టుకోలేదు, గాలి చల్లబడి ఆవిరి నీటి చుక్కలుగా మారాకే పట్టుకోగలదు. అందుచేత ఫిల్టరును కంప్రెసర్ మూతి దగ్గర కాకుండా, గోడ వెంట కొన్ని మీటర్ల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు వాలుగా నడిపించి, దాని చివర, కట్టరు దగ్గర బిగించాలి. పైపు అడుగున ఒక డ్రెయిన్ వాల్వు, ఫిల్టరు తరువాత తేమ పీల్చే సిలికా జెల్ డబ్బా, ప్రతిసారీ పని ముగిశాక ట్యాంకు నీళ్లు వదలడం ఉంటే వానాకాలం కూడా గడిచిపోతుంది. యంత్రంతో పాటు పెట్టెలో వచ్చే చిన్న ప్లాస్టిక్ ఫిల్టరు ఒక్కదాన్నే నమ్ముకోవడం పొరపాటు.

టార్చి

ఒకే ఆకారం, ఒకే ఆంపియర్లు ఉన్న రెండు యంత్రాల ధరలో పది పదిహేను వేల తేడా కనిపిస్తే, ఆ తేడా సాధారణంగా టార్చి దగ్గర ఉంటుంది. అత్యంత చవకైన కట్ 40 యంత్రాలతో పీటీ-31 అనే టార్చి వస్తుంది. దీనిలో పైలట్ ఆర్క్ ఉండదు. నాజిల్‌ను లోహానికి ఆనించినప్పుడే ఆర్క్ మొదలవుతుంది. శుభ్రంగా ఉన్న కొత్త రేకు మీద ఇది బాగానే కోస్తుంది, మూడు నాలుగు మిల్లీమీటర్ల వరకు తప్పుపట్టడానికి లేదు. రంగు వేసిన గేటు మీదా, తుప్పు పట్టిన ప్లేటు మీదా ఆర్క్ అందుకోక మొరాయిస్తుంది. నాజిల్‌ను లోహం మీదే ఈడ్చడం వల్ల దాని రంధ్రం తొందరగా పెద్దదై, కోత వెడల్పవుతుంది.

పైలట్ ఆర్క్ ఉన్న టార్చిలో ట్రిగ్గరు నొక్కగానే నాజిల్‌కూ ఎలక్ట్రోడ్‌కూ మధ్య ఒక చిన్న ఆర్క్ ముందే వెలుగుతుంది. లోహం దగ్గరికి తీసుకెళ్తే అది అసలు ఆర్క్‌గా మారుతుంది. తుప్పు, రంగు అడ్డురావు. జాలీ కోసేటప్పుడు కన్నం దగ్గర ఆర్క్ ఆరిపోదు, పైలట్ దాన్ని నిలబెట్టి తరువాతి కమ్మీ మీదికి అందిస్తుంది. హైదరాబాద్‌లో హాబీగా పని చేసేవారిలో చాలామంది ఆటోనగర్ వంటి చోట్ల తెచ్చుకున్న పాత ఇనుముతోనే మొదలుపెడతారు కాబట్టి, పైలట్ ఆర్క్‌కు పెట్టే అదనపు డబ్బు నా లెక్కలో ఈ మొత్తం కొనుగోలులోకెల్లా సార్థకమైనది. పది ఆంపియర్లు ఎక్కువున్న పైలట్ లేని యంత్రం కంటే, పది ఆంపియర్లు తక్కువున్న పైలట్ ఆర్క్ యంత్రాన్నే ఎంచుకోమంటాను.

పైలట్ ఆర్క్‌ను వెలిగించే పద్ధతులు రెండు. హై ఫ్రీక్వెన్సీ పద్ధతి చవక, కానీ అది వెదజల్లే విద్యుత్ జోక్యం దగ్గరలోని కంప్యూటర్లనూ సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే యంత్రాల) కంట్రోలర్లనూ గందరగోళపరుస్తుంది. రెండోది బ్లోబ్యాక్, గాలి ఒత్తిడి ఎలక్ట్రోడ్‌ను నాజిల్ నుంచి వెనక్కి నెట్టినప్పుడు నిప్పురవ్వ పుడుతుంది, జోక్యం ఉండదు. ముందుముందు ఇంట్లో సీఎన్‌సీ టేబుల్ కట్టుకోవాలన్న ఆశ ఉన్నవారు బ్లోబ్యాక్ టార్చికే వెళ్లాలి.

ఎవరికి ఏది

ఇప్పుడు యంత్రాల తరగతులు చూద్దాం. ధరలు బ్రాండును బట్టి, ఆఫర్లను బట్టి మారుతుంటాయి, ఇక్కడివి ఉజ్జాయింపులే. పైలట్ లేని కట్ 40 రకం 15 నుంచి 25 వేల రూపాయల మధ్య దొరుకుతుంది. కొత్త రేకులతో, అల్యూమినియంతో మాత్రమే పని చేసేవారికి, బడ్జెట్ అక్కడితో ఆగిపోయేవారికి ఇది చాలు. పైలట్ ఆర్క్ ఉన్న 40 నుంచి 50 ఆంపియర్ల యంత్రం 30 వేల పైమాట, ఇంటి వర్క్‌షాపుకు నేను సూచించేది ఇదే. కటింగ్, టిగ్ వెల్డింగ్, ఆర్క్ వెల్డింగ్ మూడూ ఒకే పెట్టెలో ఉన్న యంత్రం చూడడానికి లాభసాటిగా కనిపిస్తుంది, కానీ చాలావరకు కటింగ్ వైపు పైలట్ లేని టార్చే ఉంటుంది, ఒక బోర్డు పోతే మూడు పనులూ ఆగిపోతాయి. ఇంట్లో ఇప్పటికే ఆర్క్ వెల్డింగ్ యంత్రం ఉంటే దీని జోలికి వెళ్లనక్కరలేదు. కంప్రెసర్ లోపలే అమర్చిన కట్టర్లు పలుచని రేకుకు, ఇల్లిల్లూ తిరిగి పని చేసేవారికి అనుకూలం, షెడ్డులో స్థిరంగా పెట్టుకునేవారికి కాదు.

హైపర్‌థెర్మ్ పవర్‌మ్యాక్స్ తరగతి యంత్రాలు నిస్సందేహంగా మేలైనవి. 1968లో అమెరికాలో మొదలైన ఆ సంస్థ ప్రధానంగా కటింగ్ మీదే పనిచేస్తూ వచ్చింది, దాని టార్చి ముందు చవక టార్చిలు తేలిపోతాయి. పవర్‌మ్యాక్స్ 45 స్థాయి యంత్రం ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి, కోత ద్వారా సంపాదించనివారికి ఆ పెట్టుబడి తిరిగి రాదు. వాడిన యంత్రం తక్కువకు వస్తే ఆలోచించవచ్చు, టార్చి కేబులు పరిస్థితి చూసుకున్నాకే.

పెట్టె మీద రాసిన మందం అంకె గురించి ఒక హెచ్చరిక. 12 మిల్లీమీటర్లు అని రాసిన చోట చాలాసార్లు అది ఎలాగో తెగిపోయే మందమే, శుభ్రంగా తెగే మందం కాదు. నాణ్యమైన తయారీదారులు నిమిషానికి 500 మిల్లీమీటర్ల వేగంతో కోయగల మందాన్ని సిఫారసు మందంగా, 125 మిల్లీమీటర్ల వేగంతో తెగే మందాన్ని విడదీత మందంగా వేరుగా చెప్తారు. అలా చెప్పని యంత్రానికి రాసిన అంకెలో మూడింట రెండు వంతులే మన పని మందం అనుకోవాలి. చవక 40 ఆంపియర్ల యంత్రానికి అది ఎనిమిది మిల్లీమీటర్లు, హాబీ పనిలో అంతకు మించి అరుదు.

ఏది కొన్నా కొన్ని అదనపు ఖర్చులు ఉంటాయి. 40 ఆంపియర్ల దాకా 5వ నంబరు షేడ్, అది దాటితే 6వ నంబరు షేడ్ గల కళ్లద్దాలు, తోలు గ్లోవ్స్, కాటన్ బట్టలు తప్పనిసరి. జీఐ రేకు కోస్తే వచ్చే జింకు పొగ జ్వరం తెప్పిస్తుంది, స్టెయిన్‌లెస్ పొగ అంతకంటే హానికరం కనుక ఆరుబయటే కోయాలి. నాజిల్ మార్చే ముందు యంత్రాన్ని మెయిన్ దగ్గర ఆపాలి. టార్చి కొసన ఉండే 200 వోల్టులకు పైబడిన డీసీ వోల్టేజి, ఆర్క్ వెల్డింగ్ యంత్రంలో ఉండేదానికంటే చాలా ఎక్కువ. ఇక గాలితో కోసిన అంచు నైట్రోజన్ పీల్చుకుని ఉంటుంది, దాన్ని గ్రైండరుతో ఒకసారి తోమకుండా వెల్డు పెడితే బుడగలు పడతాయి.

దుకాణానికి వెళ్లేటప్పుడు తుప్పు పట్టిన ఐదు మిల్లీమీటర్ల ప్లేటు ముక్కను, రంగు వేసిన పట్టీని, కొంచెం జాలీని వెంట తీసుకెళ్లి, కంప్రెసర్‌తో డెమో చూపించే చోటే కొనడం మంచిది. మూడింటినీ మీ చేత్తోనే కోసి చూడండి. కోత అడుగున పేరుకున్న మడ్డి మందంగా, సుత్తి తగలగానే రాలిపోయేలా ఉంటే మీరు నెమ్మదిగా లాగారు. సన్నగా, మొండిగా అంటుకుని ఉంటే వేగం ఎక్కువైంది. రెండు వేగాల్లో చూసినా అంచు ఒకవైపే వాలిపోతుంటే నాజిల్‌నో గాలినో అనుమానించి, కొత్త నాజిల్‌తో మళ్లీ కోయించమని అడగండి. తరువాత టార్చి మోడల్ పేరు అడిగి, పీటీ-31, ఏజీ-60, ఎస్-45, పీ-80 వంటి వాడుకలో ఉన్న రకమేనా అని నిర్ధారించుకుని, దాని టిప్పులు (నాజిల్‌లు), ఎలక్ట్రోడ్లు పక్క దుకాణంలో కూడా దొరుకుతున్నాయో లేదో చూడండి. ఒకే అమ్మకందారు దగ్గర మాత్రమే విడిభాగాలు దొరికే టార్చి ఎంత బాగున్నా వద్దు. బిల్లు మీద యంత్రం సీరియల్ నంబరు, 18 శాతం జీఎస్టీ, వారంటీ కాలం రాయించుకుని, నగరంలోనే రిపేరు జరుగుతుందా లేక యంత్రాన్ని వేరే ఊరికి పంపాలా అన్నది అడిగి తెలుసుకుని, కనీసం పది టిప్పులు, ఐదు ఎలక్ట్రోడ్లు, ఒక గ్యాస్ రింగు అదే రోజు కొనుక్కోండి.